తెల్ల ముక్కలు

గురువారం పొద్దున ఆరింటికి గానీ బొమ్మ మారదని తెలిసినా సరళాదేవి ఐదున్నరకే ట్యాబ్ ముందు పెట్టుకుని కూర్చుంది.

ఆ సైటు పేరు ‘రోజుకో బొమ్మ’. ఒకనాడు సముద్రం ఫోటో, ఒకనాడు ఏ దేశానిదో పాతకాలపు వర్ణచిత్రం, పోయిన వారం ఒక నిర్మల్ బొమ్మ. బొమ్మను ముక్కలుగా కోసి తెర నిండా చల్లి ఇస్తారు. వేలితో ఒక్కో ముక్కనూ జరుపుతూ మళ్లీ అతికించాలి. మోకాలి ఆపరేషనై మంచం దిగలేని రోజుల్లో అన్న కొడుకు విద్యాధర్ నేర్పిన ఆట. మోకాలు బాగై ఏడాదైనా ఆమె ఆట మానలేదు. చాయ్ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా ముక్కలు కలుపుతూ ఉంటే, భర్త కరుణాకర్‌రావు పేపరు మీదుగా చూసి నవ్వుకునేవాడు.

ఈ రోజు బొమ్మ కోసం ఆయన కూడా ఎదురుచూస్తున్నాడు. విద్యాధర్ కరీంనగర్‌లో డిగ్రీ కాలేజీ లెక్చరర్. కెమెరా అంటే పిచ్చి. జమ్మికుంటలో పత్తి గింజ తీసే తమ జిన్నింగ్ మిల్లులో అతను తీసిన ఒక ఫోటోను ఆ సైటువాళ్లు ఎంచుకున్నారు.

“అత్తమ్మా, ఏ ఫోటోనో నేను చెప్ప. నువ్వే కూడవెట్టి చూడు,” అన్నాడు నిన్న ఫోన్‌లో.

ఆరింటికి తెర మారింది. పైన ‘తెల్లబంగారం’ అనే పేరు, కింద విద్యాధర్ పేరు. సరళాదేవి ఎప్పటిలాగే రెండు వందల ముక్కలు ఎంచుకుని, పక్కన కనిపించే నమూనా బొమ్మను మూసేసింది. చూసి కలిపితే ఆటేముంటుందని ఆమె పట్టుదల.

తెర నిండా తెల్ల ముక్కలే.

ముందు అంచులు ఏరింది. నాలుగు వైపులా కట్టేసరికి అరగంట పట్టింది. తర్వాత తెలుపును తెలుపు నుంచి వేరు చేయడం మొదలుపెట్టింది. కొన్ని ముక్కల్లో తెలుపు పాలలా ఉంది. కొన్నింట్లో పసుపుగా, మధ్యమధ్య ఎండుటాకు తునకలు, గింజల నల్లటి నీడలు. మరికొన్నింట్లో నీలంగా, మబ్బు పట్టినట్టుగా. మిల్లు యజమాని భార్యగా ముప్పై ఏళ్లు గడిచాయి. పత్తిని ఇంత దగ్గరగా, ఇంతసేపు ఆమె ఎన్నడూ చూడలేదు.

ఒక ముక్కలో బంతిపువ్వు రేకులు కనిపించాయి. దాని పక్కది, దాని కిందది. కొత్త లైను మీద వేసిన బంతిపూల దండ. అయితే ఇది పూజ నాటి ఫోటో అన్నమాట. రెండు వారాల కిందటి సోమవారం. మిల్లులో కొత్త లైను మొదలుపెడుతూ మిషన్లకు పూజ చేశారు. పూజ అయ్యాక పనివాళ్లందరికీ శనగల ప్రసాదం పెట్టి, ఆడవాళ్ల చేతులకు పసుపు దారం కంకణాలు కట్టింది తానే. వరసగా చాచిన చేతులు చూసిందే గానీ మొహాలు చూడలేదు. పది గంటలకల్లా ఇంటికి వచ్చేసింది.

నీలం చీర ముక్కలు వచ్చాయి. తర్వాత ఒక ముసలి మొహం. ముక్కుకు తువ్వాల కట్టుకుని ఉన్నా గుర్తుపట్టింది. పోశవ్వ. ఇరవై ఏళ్లుగా మిల్లులో పని చేస్తున్న మనిషి. దాని పక్కన, బొమ్మకు సరిగ్గా నడుమ, పత్తిని బెల్టు మీదికి తోస్తున్న ఒక చెయ్యి. మణికట్టుకు పసుపు దారం. పసుపు ఇంకా వెలవనేలేదు, చర్మానికి కూడా అంటింది.

ఆ చేతి పైన మొహం కలిపినప్పుడు సరళాదేవి వేలు తెర మీదే ఆగిపోయింది. ఎడమ కనుబొమను రెండుగా చీల్చినట్టున్న పాత గాటు. ఆ గాటును ఆమె చూసింది. హనుమకొండ ఆసుపత్రిలో, మంచం పక్కన పండ్ల సంచి పెడుతూ.

కోమల. పోశవ్వ కోడలు. అదే సోమవారం మధ్యాహ్నం కొత్త లైను బెల్టులో చిక్కి కుడిచేతి మూడు వేళ్లు పోగొట్టుకున్న పిల్ల. ఆమె ఆ రోజు పనిలో లేదని, అత్తకు అన్నం తెచ్చి ఇచ్చి, ఊరికే మిషన్ దగ్గరికి పోయి చెయ్యి పెట్టిందని కరుణాకర్‌రావు చెప్పాడు. పనిలో లేని మనిషైనా పాపం అని సరళాదేవి చూడటానికి వెళ్లింది. మంచం మీద కూర్చుని, “పనిల లేనిదానివి, మిషిన్ కాడికి ఎందుకు పోయినవ్ బిడ్డా?” అని తల నిమిరింది. కోమల ఆమె వైపు చూసి, మొహం గోడకు తిప్పుకుంది.

ఇంకా పదకొండు ముక్కలు మిగిలి ఉన్నాయి. అన్నీ వట్టి తెల్లవి. సరళాదేవి వాటిని కలపలేదు.

*

మధ్యాహ్నం అన్నానికి వచ్చిన కరుణాకర్‌రావు ఉత్సాహంగా ఉన్నాడు. ఫోటోను చుట్టాల వాట్సప్ గ్రూపులన్నింటికీ పంపాడు. బొమ్మ కింద ఎవరెవరో రాసిన మాటలు చదివి వినిపించాడు. పూణే నుంచి ఒకామె తెలుపు కలపలేక కళ్లు పోయాయని రాసిందట. ఇంకొకరు ఆ చేతుల్లో ఎంత అందం ఉందో అన్నారట.

“లైను చూడు సరళా, ఫోటోల ఎంత నీటుగ పడ్డదో.”

ఆమె ఆయన కంచంలో పప్పు వేసి, ట్యాబ్ తెచ్చి పక్కన పెట్టింది.

“ఈమె ఎవరో ఎర్కనా?”

ఆయన కళ్లజోడు సరిచేసుకున్నాడు. “ముప్పై మంది ఆడోళ్లున్నరు. ఎవరని చెప్పాలె?”

“కోమల.”

అన్నం కలుపుతున్న ఆయన చెయ్యి ఆగింది. ఆయన మళ్లీ బొమ్మ వైపు చూడలేదు.

“అయితే?”

“ఆ రోజు పనికి రాలేదన్నరు గద.”

“రాలేదనే రాసుకున్నం.”

“రాసుకున్నరా? రాలేదా?”

ఆయన నీళ్లు తాగాడు. కోపం తెచ్చుకునే మనిషి కాదు. పనివాళ్లను పల్లెత్తు మాట అనడని, ఆపదొస్తే ముందుంటాడని ఊళ్లో పేరు. నెమ్మదిగానే చెప్పాడు.

“బెల్టు మీద కప్పే ఇనుప జాలి రావాల్నుండె. వారమైతదన్నరు. ముహూర్తం పోతదని నడిపిచ్చిన. అది తప్పే. కానీ గా పిల్ల పనిల ఉన్నదంటే ఇన్స్పెక్షన్ అంటరు, లైను బందువెడతరు. సీజన్ నడుమల. యార్డుల పత్తి గుట్టలు పడి ఉన్నది. ముప్పై మంది కడుపు మీద కొట్టుడైతది. దవాఖాన ఖర్చు మొత్తం మనమే పెట్టుకోలేదా? పోశవ్వను పనిల ఉంచలేదా? ఆ పిల్లకు ఏం తక్కువ చేసినం?”

ముప్పై మంది అన్న మాట నిజమే. ఆయన చెయ్యి కడుక్కుని వరండాలోకి వెళ్లి ఎవరికో ఫోన్ చేయడం వినిపించింది. కంచం తీస్తుండగా ఆమె ఫోన్ మోగింది.

“అత్తమ్మా, ఏమైంది?” విద్యాధర్ గొంతు కంగారుగా ఉంది. “మామ ఫోటో తీసెయ్యమంటుండు. పొద్దున మస్తు ఖుషీగ ఉండె గద.”

“ఆ ఫోటో ఎన్ని గంటలకు తీసినవ్?”

“చూసి చెప్త... పదకొండు నలభై రెండు. ఎందుకు?”

“అందుట్ల నడుమ పని చేస్తున్న పిల్ల అదే రోజు అదే బెల్టుల మూడు వేళ్లు పోగొట్టుకున్నది.”

“నాకు తెల్వదత్తమ్మా. మూడు ఫోటోలు తీసి, ఈమె చెయ్యి మంచిగ వచ్చిందని దీన్నే పంపిన.”

“ఉండనియ్యి. తియ్యకు,” అంది సరళాదేవి.

*

శుక్రవారం కొత్త బొమ్మ వచ్చింది. ఏదో పండ్ల బుట్ట వర్ణచిత్రం. ఆమె దాన్ని తెరవలేదు. భర్త మిల్లుకు వెళ్లాక, డ్రైవర్‌కు చెప్పకుండా గాంధీ విగ్రహం దాకా నడిచి ఆటో ఎక్కింది.

పోశవ్వ వాళ్ల ఊరు అక్కడికి నాలుగు కిలోమీటర్లు. పోశవ్వ ఇల్లు అడగ్గానే చూపించారు. సగం పెంకులు, సగం రేకులు. వాకిట్లో నీడ పట్టున కోమల కూర్చుని ఉంది. ఒళ్లో చాట, చాటలో బియ్యం. కట్టు కట్టిన కుడిచేతిని చాట అంచుకు ఆనించి, ఎడమచేత్తో రాళ్లు ఏరుతోంది. ఒకసారి చెరగబోయింది. రెండో చెయ్యి పట్టు లేక చాట ఒరిగి, గుప్పెడు బియ్యం నేల మీద పడ్డాయి. ఆమె విసుక్కోలేదు. వంగి, ఒక్కొక్క గింజా ఏరసాగింది. ఎన్నిసార్లు అలా ఏరిందో, ఆ పని కూడా అలవాటైపోయినట్టుంది.

సరళాదేవిని చూసి లేచి నిలబడింది. కుర్చీ తెచ్చి వేసింది, ఒంటిచేత్తోనే.

“అత్తమ్మ పనికి పోయింది,” అంది.

“నీ కోసమే వచ్చిన.”

కోమల చాటను పక్కకు జరిపింది. ఆమె భర్త శ్యాంసుందర్ మస్కట్‌లో ఉన్నాడని, మూడేళ్లుగా ఇంటికి రాలేదని సరళాదేవికి ఆసుపత్రిలోనే తెలిసింది.

“ఆయన ఏమంటుండు?”

“పరేషాన్ అయితుండు. వస్తనంటుండు. వచ్చి ఏం జేస్తవని నేనే వద్దన్న.”

సరళాదేవి ఎలా మొదలుపెట్టాలో తెలియక, ఫోటో సంగతి చెప్పింది. మా మేనల్లుడు తీశాడని, దాంట్లో నువ్వు పని చేస్తూ కనిపించావని. “నువ్వు ఆ రోజు పనిల ఉన్నవ్. నాకు ఎర్కలేకుండె,” అంది.

కోమల మొహంలో ఆశ్చర్యం తప్ప ఇంకేమీ కనిపించలేదు. అది కూడా ఫోటో గురించి కాదని కాసేపటికి గానీ సరళాదేవికి అర్థం కాలేదు. ఆమె లోపలికి వెళ్లి, దేవుడి పటం వెనక నుంచి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చింది. నోటితో పట్టుకుని, ఎడమచేత్తో కాగితం లాగి ఇచ్చింది.

లేబర్ ఆఫీసుకు మిల్లు రాసిచ్చిన వాంగ్మూలం నకలు. టైపు చేసిన పన్నెండు వరుసలు. సదరు కోమల ఆ తేదీన విధులలో లేదని, మధ్యాహ్నం రెండు గంటల సమయంలో తన అత్త పోశవ్వకు భోజనం తీసుకువచ్చి, ఎవరూ చెప్పకుండానే యంత్రం వద్దకు వెళ్లి, తన అజాగ్రత్త వలన గాయపడినదని ఉంది. సాక్షిగా పోశవ్వ వేలిముద్ర. అన్నిటి కిందా యజమాని సంతకం.

గుండ్రంగా, ‘స’ తలకట్టును చివరిదాకా సాగదీసి రాసిన సంతకం. సరళాదేవిది.

మిల్లు ఆమె పేరు మీద ఉంది. పందొమ్మిదేళ్ల కింద లోన్ కోసం అలా పెట్టారు. నెలకు నాలుగైదు సార్లు మిల్లు సూపర్‌వైజర్ హనుమండ్లు ఫైలు తెస్తాడు. పెన్సిల్‌తో టిక్కు పెట్టిన చోటల్లా ఆమె సంతకం చేస్తుంది. ఈ కాగితం వచ్చిన రోజు పూరీ పిండి కలుపుతూ ఉంది. చేతులు కడుక్కుని, చెంగుకు తుడుచుకుని, వంటగట్టు మీదే పెట్టి నాలుగు చోట్ల చేసింది. కాగితం మీద నూనె మరక పడుతుందేమోనని మాత్రం జాగ్రత్త పడింది.

“ఇది నేను చదవలే,” అంది.

కోమల ఆమెను తేరిపార చూసింది.

“నిజంగనా అమ్మా? దవాఖానకు వచ్చినప్పుడు గూడ గదే మాటన్నరు గద. పనిల లేనిదానివి ఎందుకు పోయినవని. పేపర్ల రాసింది యాది చేస్తుండ్రనుకున్న. తలమీద చెయ్యి వెట్టి, మల్ల నోరు తెరువకని చెప్పి పోయిండ్రనుకున్న. బెదిరియ్యనీకి వచ్చిండ్రని మా ఆయనకు గూడ చెప్పిన.”

సరళాదేవి కాగితాన్ని మడవబోయి, మడత ఎక్కడుందో వెతుక్కుంది. ఆ రోజు తాను తీసుకెళ్లిన దానిమ్మపండ్లు, కోమల తల మీద చెయ్యి వేసి కూర్చున్న తీరు, వస్తూ వస్తూ కారులో పాపం అనుకుని కళ్లు తుడుచుకున్నది అన్నీ ఇప్పుడు ఇంకొకరు చేసినట్టుగా కనిపించాయి.

“నీకేం గావాలె బిడ్డా?” అని అడిగింది.

“నాకేం గావాలె? పనికచ్చిన అని రాయుండ్రి. పైసలకోసరం కావాలని చెయ్యి వెట్టుకున్నదని ఊరంత అనవట్టిరి. ఆ రోజు నేను అన్నమే తేలే. పొద్దుగాల ఇద్దరం కలిసే పోయినం, ఒక్కటే డబ్బ కట్టుకోని. బెల్టుల పత్తి ఇరికింది, తియ్యమంటే తీసిన.”

“పోశవ్వ వేలిముద్ర ఎందుకు వేసింది?”

“ఎయ్యకుంటే ఇద్దరికి పనుండదన్నరు. నాకు చెప్పే ఏసింది. వద్దని నేనేం అనలే.”

సరళాదేవి కుర్చీ దిగి, మోకాలు నొప్పి పెడుతున్నా నేల మీద కూర్చుని, చాట తీసుకుని బియ్యం చెరిగింది. ఎన్నేళ్ల కిందటి పనో. పొట్టు ఆమె చీర మీదే పడింది. కోమల వద్దనలేదు, థాంక్సూ చెప్పలేదు.

*

శనివారం పదిన్నరకు సరళాదేవి మిల్లు ఆఫీసుకు వెళ్లింది. గోడకున్న బోర్డు మీద ఆమె పేరు ఉంది. దాని కింది కుర్చీలో ఆమె ఎన్నడూ కూర్చోలేదు. కూర్చుంది. హనుమండ్లును పిలిచి హాజరు పుస్తకం తెమ్మంది.

“దొర రానియ్యుండ్రమ్మా,” అన్నాడతను నిలబడే.

“మిల్లు ఎవరి పేరు మీదున్నది హనుమండ్లూ?”

అతను పుస్తకం తెచ్చాడు. కోమల పేరు ఎదుట ఆ సోమవారం గడిలో ఒక అక్షరాన్ని తెల్లటి ద్రవంతో పూడ్చి, దాని మీద ఇంకొకటి రాశారు. కాగితాన్ని కిటికీ వెలుగుకు పట్టుకుంటే కింద హాజరు అక్షరం స్పష్టంగానే కనిపించింది.

“దొర చెప్పిండు, నేను రాసిన,” అన్నాడు హనుమండ్లు. ఒక్క క్షణం ఆగి, “ఇరికిన పత్తి తియ్యమని ఆ పిల్లకు చెప్పింది గూడ నేనే,” అన్నాడు. చెప్పి, ఊపిరి వదిలాడు.

ఆమె తెల్లకాగితం అడిగింది. లేబర్ ఆఫీసుకు ఉత్తరం చేత్తోనే రాసింది. కోమల ఆ రోజు పొద్దున నుంచి పనిలోనే ఉందని, తన సంతకంతో ఇచ్చిన ముందటి వాంగ్మూలం నిజం కాదని, తాను దాన్ని చదవకుండా సంతకం చేశానని రాసింది. ఇనుప జాలి సంగతి దగ్గర కలం ఆగింది. అది రాస్తే ముహూర్తం కోసం లైను నడిపించిన మనిషి మీదికి పోతుంది. రాయలేదు.

లేచి, జాలి బిగించేదాకా కొత్త లైను ఆపమంది. హనుమండ్లు వెళ్లి ఆ లైను మెయిన్ స్విచ్ దించాడు. మిల్లు చప్పుడు సగానికి సగం పడిపోయింది. ఆడవాళ్లు తలల మీది దూది దులుపుకుంటూ ఒక్కొక్కరే బయటికి వచ్చారు. ముందు పోశవ్వ ఉంది.

“ఏమైంది దొరసానీ? కరెంటు వోయిందా?”

“లైను ఆపిన పోశవ్వా. జాలి వచ్చినంక నడుస్తది.”

“ఎన్ని రోజులు?”

“ఎర్కలేదు.”

పోశవ్వ ముక్కుకు కట్టుకున్న తువ్వాల విప్పింది. “మా కోడలికి న్యాయం చేస్తిరి, మంచిది. మరి వీళ్లందరు ఏం దినాలె? గిప్పుడు వీళ్లంత నన్నే తిడతరు గద, నీ కోడలు జేయవట్టె అని.”

ఆమె అన్నది నిజం. వెనకున్న వాళ్ల చూపులు అప్పటికే పోశవ్వ వీపు మీద ఉన్నాయి. “పాత లైను మీద వంతులవారీగ అందరికి పని ఇస్తం. ఎవ్వల పేరు తియ్యం,” అంది సరళాదేవి. సగం రోజుల పనేనని అందరికీ తెలుసు. ఎవరూ సరేననలేదు.

మధ్యాహ్నానికి కరుణాకర్‌రావు వచ్చాడు. తన కుర్చీలో భార్య కూర్చుని ఉంటే, ఎదురుగా వచ్చేపోయేవాళ్లు కూర్చునే కుర్చీలో కూర్చున్నాడు. ఉత్తరం చేతికి తీసుకోలేదు.

“కేసు నా మీద కాదు, నీ మీదైతది. ఎర్కనా?”

“ఎర్కనే.”

“మిల్లు నీ పేరు మీదున్నది.”

“పేరు మీదున్నదని పందొమ్మిదేండ్ల సంది వింటనే ఉన్న.”

ఆయన కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. “నన్నొక్క మాట అడిగితే కాకపోవునా?”

“అడిగిన గద, అన్నం కాడ,” అంది ఆమె.

ఆయన లేచి వెళ్లిపోయాడు. ఆ రోజూ, ఆదివారమూ ఇంట్లో కంచం పెట్టిన చప్పుడు, తీసిన చప్పుడు తప్ప మాటలేదు. ఎప్పుడూ ఆయన చదివి వినిపించే పేపరు మడత విప్పకుండానే టీపాయ్ మీద పడి ఉంది.

సోమవారం పొద్దున స్నానం చేసి వచ్చి ఉత్తరం సంచిలో పెట్టుకోబోతే, కాగితం మీద పెన్సిల్ గీత కనిపించింది. ‘కొత్త లైను ప్రారంభించిన రోజున’ అని తాను రాసిన చోట, పైన సన్నగా, కరుణాకర్‌రావు చేతిరాత. ‘రక్షణ జాలి బిగించకముందే, నా భర్త ఆదేశం మీద.’

ఆమె ఆ మాటలను రెండుసార్లు చదివింది. వరండాలోకి చూసింది. ఆయన డ్రైవర్‌తో కారు టైర్లలో గాలి సంగతి మాట్లాడుతున్నాడు. ఇటు తిరగలేదు.

ఆమె ఇంకో కాగితం తీసుకుని, ఆ వరుసను కూడా కలిపి ఉత్తరం మళ్లీ మొదటి నుంచి రాసింది.

*

కరీంనగర్ లేబర్ ఆఫీసు వరండాలో బెంచీ మీద కోమల, పోశవ్వ ముందే వచ్చి కూర్చున్నారు. విద్యాధర్ కాలేజీకి పోతూ వచ్చి, ఫోటో పెద్దది ప్రింటు తీయించి, తేదీ, సమయం ఉన్న కాగితంతో సహా ఒక కవరులో ఇచ్చి వెళ్లాడు. వెళ్లేముందు కోమల ఎదుట రెండు నిమిషాలు నిలబడ్డాడు. ఏదో అనబోయి, “నేనే తీసిన అక్కా,” అని మాత్రం అన్నాడు. ఆమె తలూపింది.

సారు మీటింగులో ఉన్నాడని, కూర్చోమని అటెండర్ చెప్పాడు. గంట గడిచింది.

“గా ఫోన్ల బొమ్మ ఉన్నదంటిరి గద. చూపెట్టుండ్రమ్మా,” అంది కోమల.

కవరులోని ప్రింటు ఇవ్వవచ్చు. కానీ ఆమె అడిగింది ఫోన్లోది. సరళాదేవి సంచిలోంచి ట్యాబ్ తీసి, పాత బొమ్మల్లోంచి గురువారానిది తెరిచింది. అన్నిటికంటే తక్కువ ముక్కలు ఎంచుకుంది. ముప్పై ఐదు. తెర మీద తెల్ల ముక్కలు చెల్లాచెదురయ్యాయి.

“గిదేంది? ఇన్ని ముక్కలెందుకు జేసిండ్రు?”

“ఆట. మళ్ల అతికియ్యాలె.”

“మంచిగున్న బొమ్మను చింపి మళ్ల అతికిచ్చుడు ఆటనా?” అంది కోమల. వెక్కిరింపేమీ లేదు, తెలుసుకుందామనే అడిగింది. “మీరు రోజు ఇదే జేస్తరా?”

“రోజూ చేస్త.”

కోమల ఎడమచేతి చూపుడువేలు తెర మీద పెట్టింది. ఒక ముక్కను జరిపింది. జారిపోయింది. మళ్లీ పట్టింది. ముందు అంచులు ఏరాలని సరళాదేవి చెప్పబోయేలోపే ఆమె నడుమ నుంచి కలపసాగింది.

“ఇది గింజ పత్తి, ఇటు దిక్కు రావాలె. ఇది దూది, మిషిన్లకెల్లి వచ్చినంకది. ఇది నేల మీద పడ్డది, దుబ్బ అంటింది.” సరళాదేవి అంతసేపు తడుముకున్న తెలుపులను ఆమె చూడగానే వేరు చేసింది. పోశవ్వ మెడ చాచి చూసింది.

“గా ముసల్ది ఎవ్వలే?”

“నువ్వే అత్తమ్మా.”

“నేను గింత ముసల్దాన్నయిన్నా?” అని పోశవ్వ తువ్వాల అడ్డం పెట్టుకుంది. కోమల నవ్వింది. ఆమె నవ్వడం సరళాదేవి చూడటం అదే మొదలు. బొమ్మలోని మొహానికీ ఈ మొహానికీ పోలిక అప్పుడు తెలిసింది.

నడుమ ఉండాల్సిన చెయ్యి ముక్క మాత్రం చివర్లో దొరికింది. కోమల దాన్ని వెంటనే పెట్టలేదు. వేలి కింద అలాగే పట్టుకుని చూసింది. అయిదు వేళ్లూ విప్పి, పత్తిని తోస్తున్న కుడిచెయ్యి. ఒడిలో ఉన్న కట్టు వైపు చూపు పోలేదు. తర్వాత ముక్కను దాని చోటికి జరిపింది. అది టక్కుమని అతుక్కుంది.

“మంచిగనే తీసిండు,” అంది.

లోపలి నుంచి పేరు పిలిచారు.

అధికారి నడివయసు మనిషి. సరళాదేవి ఇచ్చిన ఉత్తరం మొత్తం చదివి, తలెత్తాడు. “మేడం, ముందు రాసిచ్చింది తప్పని మీరే రాస్తుండ్రు. దీని మీద చర్య మీ మీదనే ఉంటది. లైను కూడ తనిఖీ అయ్యేదాక నడవద్దు. ఆలోచించుకున్నరా?”

“ఈసారి చదివే సంతకం చేసిన సార్,” అంది ఆమె.

ఆయన హాజరు పుస్తకం, ఫోటో తీసుకుని రసీదు రాశాడు. పోశవ్వ తన వేలిముద్ర గురించి చెబుతుంటే మధ్యలో ఆపకుండా విన్నాడు. తర్వాత కోమల ముందుకు ఆమె నష్టపరిహారం దరఖాస్తు జరిపి, సిరా డబ్బా మూత తీశాడు.

“ఎడమ చెయ్యి బొటనవేలు వెయ్యమ్మా. సరిపోతది.”

కోమల డబ్బా వైపు చూసింది.

“పది దాక చదువుకున్న సారూ. సంతకం వెడత.”

కలం ఎడమచేతిలోకి తీసుకుంది. పట్టు సరిగా కుదరక రెండుసార్లు మార్చుకుంది. ‘కో’ రాయబోతే కాగితం కలంతో పాటు జరిగిపోయింది. కట్టు ఉన్న చేతిని అడ్డం పెట్టబోయి, నొప్పికి పళ్లు బిగించి వెనక్కి తీసుకుంది. సరళాదేవి కుర్చీలోంచి వంగి, కాగితం పై అంచు మీద అరచెయ్యి పెట్టి అదిమింది.

కోమల ఆమె వైపు చూడలేదు. మళ్లీ మొదలుపెట్టింది. ‘కో’ వంకరగా వచ్చింది. ‘మ’ దానికంటే పెద్దదైంది. అధికారి గడియారం చూడబోయి మానేశాడు. ఫ్యాన్ గాలికి కాగితం కింది అంచు లేస్తుంటే సరళాదేవి రెండో చెయ్యి కూడా ఆనించింది. ‘ల’ గీత దాటి పక్క గడిలోకి పోయింది.

కోమల కలం ఎత్తి, రాసింది ఒకసారి చూసుకుంది.

“తేదీ గూడ నేనే రాయాల్నా సారూ?”

“ఆఁ, అక్కడ కింద.”

ఆమె కింది గడి దగ్గరికి కలం తీసుకుపోయింది. సరళాదేవి చేతులు తీయలేదు.